స్నూకర్‌ను వృత్తిగా ఎంచుకునేవారికి: క్యూ పట్టడం నుంచి టూర్ కార్డు నిలబెట్టుకోవడం దాకా

ప్రపంచ స్నూకర్ టూర్ అంటే ప్రొఫెషనల్ పోటీల వలయం. ఇప్పుడు అందులో ఒక సీజన్‌లో ఆటగాళ్లు సుమారు 130 మందికి మించరు. ప్రపంచం మొత్తానికీ అంతే. ఈ ఆటతో బతకాలనుకునేవారు ముందుగా మనసులో పెట్టుకోవలసిన అంకె ఇదే. బంతిని చక్కగా పాకెట్‌లో వేయగలిగేవారు వేలల్లో ఉంటారు. వారిలో చాలామంది దారి టేబుల్ దగ్గర మూసుకుపోదు. తమకన్నా బలమైన ప్రత్యర్థులు దొరకక, పోటీ ప్రమాణాలున్న టేబుల్ అందక, మొదటి రెండేళ్ల ఖర్చు భరించలేక వెనక్కి వస్తారు. అందుకే షాట్ల గురించి ఎంత శ్రద్ధగా చెప్పాలో, ఆ మూడింటి గురించీ అంతే శ్రద్ధగా చెప్పాలి.

మొదటి దశ: క్యూ నిటారుగా వెళ్లడం

ఆట మొత్తం దీని మీదే నిలబడుతుంది. బంతిని కొట్టే కర్రే క్యూ. దాన్ని సాధారణంగా యాష్ లేదా మేపుల్ కర్రతో చేస్తారు. పొడవు 57, 58 అంగుళాల దగ్గర, బరువు 17 నుంచి 19 ఔన్సుల మధ్య, టిప్ (క్యూ కొస) వ్యాసం 9.5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి సరిపోతుంది. ఖరీదైన క్యూ కోసం వెతుకుతూ కాలం గడపకండి. చేతికి నచ్చిన ఒకదాన్ని ఎంచుకుని ఏళ్ల తరబడి దానితోనే ఆడండి. క్యూ మారిన ప్రతిసారీ చేతికి అలవాటైన లెక్క చెదురుతుంది. టిప్ అరిగిపోతే మార్చక తప్పదు. అయితే కొత్త టిప్ కుదురుకోవడానికి కొంత ఆట కావాలి కాబట్టి టోర్నమెంట్ ముందు రోజు మాత్రం మార్చవద్దు.

క్యూ నిటారుగా వెళుతోందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. తెల్ల బంతిని గోధుమ రంగు స్పాట్ (ఆ రంగు బంతి ఉంచే గుర్తు) మీద పెట్టి, నీలం, గులాబీ, నలుపు స్పాట్ల మీదుగా ఎదుటి కుషన్‌కు (టేబుల్ అంచు మెత్తకు) కొట్టండి. బంతి అదే గీత మీద వెనక్కి వచ్చి మీ టిప్‌ను తాకాలి. పక్కకు వచ్చిందంటే మధ్యలో కొట్టామనుకున్న బంతికి తెలియకుండానే సైడ్ (పక్కకు తిప్పే స్పిన్) తగిలిందన్నమాట. తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు చేతిని చివర్లో అనుమానించండి. పాదాలు నిలిచిన తీరు, భుజం గీత, గడ్డం కింద క్యూ ఉన్న స్థానం, ఈ వరుసలో చూడండి. ఫోను టేబుల్ చివర నిలబెట్టి వీడియో తీసుకుంటే కళ్లు చెప్పని నిజం కనిపిస్తుంది. షాట్ కొట్టాక తల ఎత్తే అలవాటు ఎక్కువమందికి ఉంటుంది. బంతి పాకెట్‌లో పడే దాకా కదలకుండా వంగి ఉండడం మొదటి నెలల్లోనే అలవడాలి. తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

ఈ దశలో శిక్షకుడు ఉండాలి. ఒంటరిగా నేర్చుకున్న లోపాలు కొన్నాళ్లకు శైలిలా అనిపిస్తాయి. శైలి అనుకున్నదాన్ని ఎవరూ మార్చుకోరు.

రెండవ దశ: తెల్ల బంతి మీద పట్టు

పాకెట్ చేయడం సగం పని. మిగతా సగం తెల్ల బంతి ఆగిన చోటులో ఉంటుంది. తెల్ల బంతి మధ్యకు గురిపెట్టి ఎదుటి బంతి అంచు వైపు క్యూ చూపిస్తే బంతిలో సగం తగులుతుంది. అప్పుడు ఎదుటి బంతి దాదాపు 30 డిగ్రీల కోణంలో వెళుతుంది. ఈ సగం బంతి కోణం కంటికి అలవాటైతే దానికన్నా లావు, సన్నం కోణాలు వాటంతటవే అర్థమవుతాయి. స్టన్ (ఆపడం), స్క్రూ (వెనక్కి రప్పించడం), ఫాలో (ముందుకు పంపడం) మూడింటినీ ఒకే షాట్ మీద సాధన చేయండి. నీలం బంతిని దాని స్పాట్ మీద ఉంచి, మూల పాకెట్‌కు సూటిగా తెల్ల బంతిని పెట్టి, ఒకసారి అక్కడికక్కడే ఆపండి, ఒకసారి ముందుకు పంపండి, ఒకసారి వెనక్కి రప్పించండి. ఎంత దూరం రావాలో ముందే చెప్పుకుని కొట్టండి. ఊరికే వెనక్కి రప్పించడం సాధన కాదు.

తర్వాతి సాధన లైనప్. ఎర్ర బంతులు పదిహేనింటినీ నీలం, గులాబీ, నలుపు స్పాట్లున్న గీత వెంట పేర్చి, ఎర్రదాని తర్వాత రంగు బంతి చొప్పున టేబుల్ ఖాళీ చేయడం. మొదట్లో ఏ రంగైనా సరే. కొంత పట్టు వచ్చాక నియమాలు బిగించండి: నలుపు మాత్రమే, తెల్ల బంతి వేరే బంతిని తాకకూడదు, కుషన్ తాకకూడదు. నియమం బిగిసేకొద్దీ ఆలోచన పదునెక్కుతుంది.

బ్రేక్ కట్టడంలో, అంటే తప్పకుండా వరుసగా పాయింట్లు చేయడంలో, మంచి ఆటగాడిని ప్రొఫెషనల్ నుంచి వేరు చేసేది ఒక అలవాటు. గుంపుగా ఉన్న ఎర్ర బంతులను ఎప్పుడు చెదరగొట్టాలి? తేలికైన ఎర్ర బంతి ఇంకొకటి బయట మిగిలి ఉండగానే. గుంపు అనుకున్నట్టు చెదరకపోయినా ఆ బంతి బ్రేక్‌ను కాపాడుతుంది. బయటివన్నీ తేలికగా వేసుకుని, ఇక గత్యంతరం లేనప్పుడు గుంపు మీదకు వెళ్లేవారు 40 దగ్గర ఆగిపోతారు. అలాగే కుషన్‌కు అంటుకున్న రంగు బంతులను చివరిదాకా వదిలేయకుండా, మధ్యలో వీలు చిక్కినప్పుడు ఒక చిన్న కానన్‌తో (తెల్ల బంతిని వాటికి తగిలించి) బయటికి తీయాలి. పదిహేను ఎర్ర బంతులు, ప్రతిదాని తర్వాత నలుపు, ఆ పైన ఆరు రంగులు కలిపితే 147. రోనీ ఒసులివన్ 1997లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆ మొత్తాన్ని 5 నిమిషాల 8 సెకన్లలో పూర్తిచేశాడు. ఆ వీడియో చూసేటప్పుడు పాకెట్లు కాదు, తెల్ల బంతి ఎంత తక్కువ దూరం తిరుగుతుందో చూడండి.

మూడవ దశ: సేఫ్టీ, లెక్క

యువ ఆటగాళ్లు అన్నిటికన్నా తక్కువ సమయం ఇచ్చేది సేఫ్టీకి, అంటే ప్రత్యర్థికి సులువైన షాట్ మిగల్చకుండా ఆడటానికి. సమాన బలం ఉన్న ఇద్దరి మధ్య ఫ్రేమ్‌లో (మ్యాచ్‌లోని ఒక్కో ఆటలో) మొదటి అవకాశం ఎవరికి వస్తుందో తేల్చేది కూడా అదే. రోజూ కనీసం ఒక గంట దీనికి కేటాయించండి. ఎర్ర బంతిని సన్నగా తాకి తెల్ల బంతిని బాల్క్ (ఆట మొదలుపెట్టే వైపు) కుషన్‌కు వీలైనంత దగ్గరగా చేర్చడం మూల సాధన. కుషన్‌కు ఒక అరచేతి దూరంలో ఆగితే సగం మార్కులే వేసుకోండి. అంటుకున్నట్టు ఆగితే ప్రత్యర్థి క్యూ ఎత్తిపట్టి కొట్టాల్సి వస్తుంది, దూరం నుంచి పాకెట్ చేసే ధైర్యం చేయడు. ఫ్రేమ్ మొదలుపెట్టే బ్రేక్ ఆఫ్ షాట్ కూడా సేఫ్టీయే. గుంపు చివరి ఎర్ర బంతిని తాకి తెల్ల బంతి తిరిగి బాల్క్‌లోకి చేరే ఆ ఒక్క షాట్ మ్యాచ్‌లో సగం ఫ్రేములకు మీరే కొట్టాలి.

స్నూకర్ నుంచి, అంటే ఆడాల్సిన బంతికి వేరే బంతి అడ్డొచ్చిన స్థితి నుంచి, తప్పించుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. బంతిని తాకలేకపోయినప్పటి నియమం కఠినంగా ఉంటుంది. గురిపెట్టాల్సిన బంతి నిండుగా కనిపిస్తున్నా వరుసగా మూడుసార్లు దాన్ని తాకలేకపోతే ఫ్రేమ్ పోతుంది. ఫౌల్‌కు కనీసం 4 పాయింట్లు, నలుపు బంతి విషయంలో 7. రిఫరీ పదే పదే మిస్ (బంతిని తాకడానికి తగినంత ప్రయత్నించలేదని) ప్రకటిస్తే చేతిలో ఉన్న ఫ్రేమ్ ఐదు నిమిషాల్లో చేజారుతుంది. కుషన్ల మీదుగా బంతి వెళ్లే దారులను సాధనలో గుర్తుపెట్టుకోవాలి. మ్యాచ్ టేబుల్ మీద ఊహించడం ఆలస్యమే.

టేబుల్ మీద మిగిలిన పాయింట్లను ఏ క్షణమైనా చెప్పగలగాలి. ఒక్కో ఎర్ర బంతికి నలుపుతో కలిపి 8, చివరి ఆరు రంగులకు 27. నాలుగు ఎర్ర బంతులుంటే 32, 27 కలిపి 59. మీ ఆధిక్యం 59 దాటితే ప్రత్యర్థి స్నూకర్లు పెట్టి ఫౌల్ పాయింట్లు రాబట్టాల్సిందే. ఈ లెక్క తెలిసిన ఆటగాడు ఆధిక్యం ఆ గీత దాటకముందు అనవసరంగా సాహసించడు, దాటిన తర్వాత అనవసరంగా బెదరడు.

నాలుగవ దశ: అసలు టేబుల్

మామూలు క్లబ్బులో పాకెట్లు కొంచెం వదులుగా, గుడ్డ పాతగా, బంతులు అరిగి ఉంటాయి. టూర్ మీద స్టార్ కంపెనీ టేబుళ్లు, స్ట్రాచన్ కంపెనీ గుడ్డ, అరామిత్ కంపెనీ బంతులు. గుడ్డ కింది రాతి పలకను వేడిచేస్తారు కాబట్టి బంతి వేగంగా పరుగెడుతుంది. పాకెట్ల అంచులు బిగుతుగా ఉంటాయి. క్లబ్బులో అంచుకు తగిలి లోపలికి జారే బంతి అక్కడ ఊగిసలాడి బయటే నిలుస్తుంది. గుడ్డ నూగు బాల్క్ నుంచి నలుపు స్పాట్ వైపు ఉంటుంది. అందుకని నెమ్మదిగా దొర్లే బంతి దారి తప్పే తీరు ఒక దిశలో ఒకలా, మరో దిశలో ఇంకోలా ఉంటుంది. వదులు టేబుల్ మీద వంద సెంచరీలు కొట్టినవారు బిగుతు టేబుల్ మీద 50కి చేరడానికి చెమటోడ్చడం మామూలు.

దీనికి ఒకటే పరిష్కారం. పోటీ ప్రమాణాలున్న టేబుల్ ఎక్కడుందో వెతికి, వారంలో కొన్ని రోజులైనా అక్కడ ఆడండి. ఇందుకోసం ఊరు మారాల్సి వస్తే, ఈ వృత్తిలో అది వృథా ఖర్చు కాదు. చైనా నుంచి ఎంతోమంది యువకులు కుటుంబాలను వదిలి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు వచ్చి అకాడమీల్లో ఉండి ఆడేది ఇందుకే. మంచి టేబుళ్లు, రోజూ ఎదురయ్యే మంచి ప్రత్యర్థులు ఒకేచోట దొరుకుతారు.

ప్రత్యర్థుల విషయంలో నా మాట గట్టిది. ఒంటరి సాధన రోజుకు మూడు నాలుగు గంటలు దాటితే లాభం తగ్గుతుంది. మీకన్నా బాగా ఆడేవారితో, ఓడిపోతూనైనా సరే, ఆడే ఫ్రేములే ఆటను పెంచుతాయి. ప్రతి వారం గెలుస్తున్నారంటే అక్కడ మీరు నేర్చుకునేది అయిపోయిందని గ్రహించండి.

ఐదవ దశ: అమెచ్యూర్ పోటీల మెట్లు

క్లబ్బు లీగులు, జాతీయ పోటీలు, ఆ పైన ఖండస్థాయి, ప్రపంచ అమెచ్యూర్ పోటీలు ఉంటాయి. సాధనలో సెంచరీలు లెక్కపెట్టవద్దు. పోటీ మ్యాచుల్లో 50 దాటిన బ్రేకులు, మొదటి అవకాశంలోనే గెలిచిన ఫ్రేములు, చివరి ఫ్రేమ్ దాకా వెళ్లిన మ్యాచుల్లో గెలిచినవి, ఈ మూడూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. దేశస్థాయి పోటీల్లో చివరి ఎనిమిది మందిలో తరచూ ఉంటూ, ఆ పుస్తకంలో అంకెలు ఏటికేడు పెరుగుతుంటే తర్వాతి దశ గురించి ఆలోచించవచ్చు. అంతకుముందు చదువు మానేయడం నాకు సమ్మతం కాదు. ఒసులివన్ 10 ఏళ్లకు సెంచరీ, 15 ఏళ్లకు 147 కొట్టి 1992లో ప్రొఫెషనల్ అయ్యాడని చెప్పి పిల్లలను బడి మాన్పించే తల్లిదండ్రులు, అలాంటివారు తరానికి ఎంతమంది పుడతారో కూడా గమనించాలి.

ఆరవ దశ: టూర్ కార్డు

ప్రొఫెషనల్ టూర్‌లో ఆడే హక్కును టూర్ కార్డు అంటారు. కొత్తవారికి అది రెండు సీజన్లకు వస్తుంది. దారులు కొన్ని ఉన్నాయి. అందరికీ తెరిచి ఉన్నది 2011లో మొదలైన క్యూ స్కూల్ (Q School) అనే అర్హత పోటీ. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ముగిశాక వేసవిలో జరుగుతుంది. ప్రవేశ రుసుము కట్టి ఎవరైనా ఆడవచ్చు. బ్రిటన్‌లో జరిగేది కాక, ఆసియా, ఓషియానియా ఆటగాళ్ల కోసం వేరే క్యూ స్కూల్ కూడా ఉంది. నాలుగు ఫ్రేములు ముందు గెలిచినవారిదే మ్యాచ్. అలాంటివి వరుసగా అరడజను దాకా గెలవాలి. పొట్టి మ్యాచుల్లో ఒక దురదృష్టం, ఒక చెడ్డ గంట చాలు ఇంటికి పంపడానికి. అందుకని ఏ ఒక్క ఏడాది క్యూ స్కూల్ మీదా జీవితమంతా పందెం వేయవద్దు.

రెండో దారి క్యూ టూర్. ఇది ప్రొఫెషనల్ టూర్ కింది మెట్టు. సీజన్ పొడుగునా జరిగే పోటీల్లో నిలకడగా ఆడినవారికి పైకి వెళ్లే అవకాశం వస్తుంది. నిలకడ మీ బలమైతే క్యూ స్కూల్ కన్నా ఇదే నయం. వరల్డ్ స్నూకర్ ఫెడరేషన్ ఛాంపియన్‌షిప్ వంటి అమెచ్యూర్ టైటిళ్ల ద్వారా కూడా కార్డులు ఇస్తుంటారు. 2021 నుంచి మహిళల ప్రపంచ టూర్ నుంచీ కార్డులు వస్తున్నాయి. పన్నెండుసార్లు మహిళల ప్రపంచ ఛాంపియన్ అయిన రియాన్ ఎవాన్స్, హాంకాంగ్ క్రీడాకారిణి ఎన్జీ ఆన్ యీ మొదట అందుకున్నారు. ఏ టైటిల్‌కు ఎన్ని కార్డులన్నది సీజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ప్రతి ఏడాదీ అధికారిక ప్రకటన చదివాకే ప్రణాళిక వేసుకోండి.

ఏడవ దశ: మొదటి రెండు సీజన్లు

కెరీర్లు ఎక్కువగా విరిగేది ఇక్కడే. కార్డు వచ్చిన రోజు పండుగలా ఉంటుంది. కానీ ఆ రోజున ర్యాంకింగ్‌లో మీ ఖాతాలో ఉండేది సున్నా. ర్యాంకింగ్ అంటే గడచిన రెండేళ్లలో ర్యాంకింగ్ పోటీల్లో గెలుచుకున్న ప్రైజ్ మనీ మొత్తం, పౌండ్లలో. రెండు సీజన్ల చివర, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ముగిసేసరికి మొదటి 64 మందిలో ఉన్నవారికి స్థానం ఖాయం. మిగతావారిలో ఒక సీజన్ జాబితాలో బాగా ఆడిన కొందరు దక్కించుకుంటారు. లేదంటే మళ్లీ క్యూ స్కూల్, మళ్లీ సున్నా.

డబ్బు లెక్క స్పష్టంగా వేసుకోండి. 2022–23 సీజన్ నుంచి టూర్ ఆటగాళ్లకు సీజన్‌కు 20,000 పౌండ్ల హామీ ఉంది. అది గెలుపు సొమ్ముకు అదనం కాదు. మీరు గెలుచుకున్నది దానికన్నా తక్కువైతే ఆ మేరకు పూడ్చే మొత్తం. ప్రయాణాలు, హోటళ్లు, వీసాలు, టేబుల్ అద్దె, శిక్షకుడి ఫీజు, పన్నులు అన్నీ మీ జేబులోంచే. ప్రపంచ ఛాంపియన్‌కు 5,00,000 పౌండ్లు వస్తాయన్నది నిజమే. టూర్ దిగువన ఉన్నవారి జీవితం మాత్రం ఖర్చులు పోగా ఏం మిగిలిందన్న లెక్కలోనే గడుస్తుంది. చాలా పోటీలకు అర్హత రౌండ్లు అసలు పోటీకి వారాల ముందు, వేరే దేశంలో జరుగుతాయి. ఒకే టోర్నమెంట్‌కు రెండు ప్రయాణాలన్నమాట. విదేశీ ఆటగాడైతే బ్రిటన్ దగ్గర్లో స్థిరపడటం, లేదా ప్రతిసారీ వచ్చిపోవడం, రెండింటి ఖర్చూ కాగితం మీద పక్కపక్కన వేసుకుని తేల్చండి.

కార్డు రాకముందే కనీసం ఒక సీజన్ ఖర్చు చేతిలో ఉండాలి. స్పాన్సర్‌ను వెతకండి. వెయిస్ట్‌కోటు మీద లోగో పెట్టుకునే వీలును వారికి చూపండి. ఎవరైనా మీ ఖర్చులు భరించి ప్రైజ్ మనీలో వాటా అడిగితే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి: ఎంత శాతం, ఎన్నాళ్లు, కార్డు పోతే ఏమవుతుంది. అద్దె కట్టలేనన్న భయంతో క్యూ పట్టినవారు నల్ల బంతిని సూటిగా చూడలేరు. డబ్బు సంగతిని ఆట సంగతిగానే చూడమనడం అందుకే.

రెండేళ్లలో ఏ పోటీలు ఆడాలన్నది కూడా ముఖ్యమే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అర్హత మ్యాచుల్లో ఒక్క అదనపు గెలుపు మిగతా పోటీల్లో రెండు మూడు గెలుపులకు సమానమైన ర్యాంకింగ్ సొమ్ము తేవచ్చు. కాబట్టి ఏప్రిల్ నాటికి అలసిపోకుండా సీజన్‌ను మలుచుకోండి. షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో జరిగే ప్రధాన పోటీకి 16 మంది సీడ్లు (పై ర్యాంకు ఆటగాళ్లు) నేరుగా, 16 మంది అర్హత ద్వారా చేరతారు. అక్కడ మొదటి రౌండ్‌లోనే 10 ఫ్రేములు గెలవాలి. ఫైనల్లో 18.

ఎనిమిదవ దశ: కుర్చీలో కూర్చోవడం

స్నూకర్‌లో తప్పు చేయకుండానే ఫ్రేమ్ ఓడవచ్చు. ప్రత్యర్థి ఆడుతున్నంతసేపూ చేయగలిగింది కూర్చోవడమే. ఆ కాసేపట్లో మనసు ఎక్కడికి వెళుతుందో అదే తర్వాతి షాట్‌లో కనిపిస్తుంది. కుర్చీలో చేసే పనిని కూడా సాధన చేయండి: నీళ్లు తాగడం, టిప్ చూసుకోవడం, ఊపిరి లెక్కపెట్టడం, స్కోరు బోర్డు కాకుండా టేబుల్ చూడటం. ఒసులివన్ 2011 నుంచి మానసిక వైద్యుడు స్టీవ్ పీటర్స్ సహాయం తీసుకున్నాడు. ఆ తర్వాత ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. సహాయం అడగడాన్ని బలహీనత అనుకునే కాలం ఈ ఆటలో పోయింది.

1985 ప్రపంచ ఫైనల్లో డెన్నిస్ టేలర్ 0–8తో వెనకబడి, ఆఖరి ఫ్రేమ్ ఆఖరి నల్ల బంతి మీద స్టీవ్ డేవిస్‌ను 18–17తో ఓడించాడు. ఆ మ్యాచ్‌లో అతడు ఒక్కసారి కూడా ముందంజలో లేడు, ఆ చివరి బంతి పడే దాకా. సుదీర్ఘ మ్యాచుల్లో వెనకబడిన ఆటగాడికి ఇది గుర్తుండాలి. శరీరం సంగతి కొద్దిగా: గంటల తరబడి వంగి ఆడే ఆట కాబట్టి నడుము, మెడ, కళ్లు కాపాడుకోండి. నడక, నడుము బలం పెంచే వ్యాయామం చాలు. మార్క్ విలియమ్స్ 50 ఏళ్ల వయసులో 2025 ప్రపంచ ఫైనల్ ఆడాడు. ఒంటిని చూసుకున్నవారికి ఈ వృత్తి పొడవైనది.

తొమ్మిదవ దశ: పందేల నుంచి దూరం

టూర్ ఆటగాడు స్నూకర్ మీద పందెం కాయకూడదు. ఎవరైనా ఫ్రేమ్ ఓడమని అడిగితే వెంటనే పాలక సంస్థకు చెప్పాలి. చెప్పకపోవడం కూడా నేరమే. కిందిస్థాయి ఆటగాళ్లను ఇలాంటివారు వెతుక్కుంటూ వస్తారు, ఎందుకంటే వారి డబ్బు ఇబ్బంది అందరికీ తెలుసు. 2023లో పదిమంది చైనా ఆటగాళ్లపై నిషేధం పడింది. వారిలో ఇద్దరికి జీవితకాలం. జావో షింటాంగ్‌కు 20 నెలలు. అతడు తిరిగివచ్చి, క్యూ టూర్‌లో కిందినుంచి ఆడి, 2025లో అర్హత రౌండ్ల గుండా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అందరికీ ఆ రెండో అవకాశం రాదు. జీవితకాలం నిషేధం పడిన ఇద్దరికీ ఇక ప్రొఫెషనల్ టేబుల్ లేదు.

కార్డు పోతే

చాలామందికి ఒకసారైనా పోతుంది. ముందుగానే ఒక తేదీ నిర్ణయించుకోండి: ఇన్ని క్యూ స్కూళ్లు, ఇంత డబ్బు, ఈ వయసు. ఆ లోపు తిరిగి రాకపోతే ఆటను వృత్తిగా మానేసి, ఆటలోనే వేరే పని చూసుకోవచ్చు. శిక్షకుడిగా అర్హత పొందడం, రిఫరీ పరీక్షలు రాయడం, టేబుళ్లకు గుడ్డ బిగించే పని నేర్చుకోవడం, ఎగ్జిబిషన్ మ్యాచులు, వ్యాఖ్యానం, ఇవన్నీ టూర్ అనుభవానికి విలువ ఉన్న పనులు. వీటిలో ఒకదాన్ని కార్డు చేతిలో ఉన్న రెండో సీజన్‌లోనే మొదలుపెట్టండి. శిక్షకుడి కోర్సుకు కొన్ని రోజులు చాలు, మ్యాచులు లేని వారాలు సీజన్‌లో ఎలాగూ ఉంటాయి.